అతికేలా విరిచిన చెయ్యి

కట్టు సగంలో వదిలేసి నారాయణరాజు లేచిపోయాడు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి చంద్రకాంతమ్మ ఆ ఇంట్లో అలాంటి పని ఎన్నడూ చూడలేదు. కట్టు ముడి పడనిదే చెయ్యి కడుక్కునే మనిషి కాదాయన. మామగారు కన్నుమూసి లోపల ఏడుపులు మొదలైన రోజున కూడా, తిన్నె మీద కూర్చుని ఎవరో రైతు కాలికి కట్టు ముగించి, ముడివేసి, ఆ తర్వాతే లోపలికి వచ్చి ఏడ్చాడు. అలాంటి మనిషి వెదురు బద్దలు కింద పడేసి, పసరు అంటిన చేతులతోనే పెరట్లోకి నడిచాడు.

రోగులు పడుకునే కొట్టంలో మంచం మీద రాజారత్నం రెండు చేతులూ చాపి పడుకుని ఉన్నాడు. సత్యవేడు పక్క పల్లెటూరి పిల్లవాడు, తిరుపతిలో కాలేజీ చదువు. రెండు ముంజేతులూ విరిచి ఎవరో రేణిగుంట దారిలో పారేస్తే, తల్లి సంతోషమ్మ ఎద్దులబండిలో వేసుకుని పుత్తూరు తెచ్చింది. వచ్చిన రోజు చేతులు ఉబ్బిపోయి ఎముక వేళ్ళకు అందలేదు. వాపు తీసింది కదా అని మొదటి కట్టు విప్పి, ఎముకను తడిమి చూసి, నారాయణరాజు అలా లేచిపోయాడు.

"ఏమయ్యింది తల్లీ? నా బిడ్డ చెయ్యి చెడిపోయిందా?" అంది సంతోషమ్మ.

"అదేం లేదు సంతోషమ్మా. పొద్దున్నుంచి ఆయన ఏమీ తినలా. కళ్ళు తిరిగినట్టుండాయి."

అబద్ధం చంద్రకాంతమ్మకు అంత సులువుగా వచ్చింది. ఆ రోజుకు అదే మొదటిది.

పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర నారాయణరాజు నిలబడి ఉన్నాడు. చేతులు కడుక్కోవడం లేదు. వాటినే చూసుకుంటున్నాడు.

"కట్టు ఎందుకు ఆపినారు?" అంది వెనకే వచ్చిన చంద్రకాంతమ్మ.

నారాయణరాజు పసరు అంటిన వేళ్ళను ఒకదానికొకటి రుద్దుకున్నాడు.

"ఆ తల్లి బెదిరిపోతా ఉండాది. ఏందో ఒకటి సెప్పండి."

"సుందరం యాడ?"

"లోపల పండుకోనుండాడు. తలనొప్పంట."

"పిలువు."

నిన్న మధ్యాహ్నం తిరుపతి హాస్టలు నుంచి బండి దిగి వచ్చిన కొడుకు. సెలవులు కావు, పండగ కాదు. ఎందుకొచ్చావంటే ఊరికేనే అన్నాడు. కొట్టం వైపు గడప దాకా వెళ్ళడం, తిరిగి రావడం. అన్నం కెలికి వదిలేయడం. పట్నం చదువుల్లో పడి పిల్లవాడు రోగుల వాసనకు ఓర్చుకోలేకపోతున్నాడు కాబోలని ఆ పిచ్చితల్లి సరిపెట్టుకుంది.

సుందరరాజు వచ్చి తండ్రికి దూరంగా నిలబడ్డాడు.

"నీ చిన్నప్పుడు కార్వేటినగరం నుంచి ఒకాయన వచ్చినాడు. వంకరగా అతుక్కున్న చెయ్యి. గుర్తుండాదా?" అన్నాడు నారాయణరాజు.

"ఉండాది నాయనా."

"మళ్ళీ ఇరిసి కట్టినాను. నువ్వు పక్కనే ఉండి సూసినావు. ఎట్ల ఇరిసినాను?"

"పీట మీద పెట్టి."

"మోకాలు యాడ పెట్టినాను?"

సుందరరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"యాడ పెట్టినానురా?"

"మోచేతికి రవంత కింద."

"ఎందుకని?"

"ముక్కలు కాకుండా ఒకే గీత మీద ఇరుగుతాదని. తొందరగా అతుకుతాదని."

"కొట్టంలో పండుకున్నోడికి రెండు చేతులూ అట్లనే ఇరిగినాయి."

చంద్రకాంతమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తొట్టి అంచు పట్టుకుంది. తప్పుగా అతికిన ఎముకను మళ్ళీ విరిచి సరిగ్గా కట్టడం ఆ ఇంటి పని. ఎముక విరిగినా కండ నలగకూడదు, ముక్కలు కాకూడదు. ఆ ఒడుపు తండ్రి నుంచి కొడుక్కి వస్తుందే తప్ప బయటివాళ్ళకు నేర్పరు.

"కర్రతో కొట్టినా ఇరగదా? ఆ మాత్రానికే కన్నకొడుకును అనుమానిస్తారా?" అంది.

"కర్రతో కొడితే ఎముక నుగ్గవుతాది. ఇది అతికేదానికని ఇరిసినారు. ఈ పని తెలిసినోళ్ళు ఇద్దురే ఉండారు. ఒకడ్ని నేను."

"నాయనా, నేను..."

నారాయణరాజు కొట్టాడు. జీవితంలో ఒక్క గొడ్డును కూడా గట్టిగా అదిలించని మనిషి, చెంప మీద కొట్టి, మెడ పట్టుకుని తొట్టికేసి కొట్టాడు. పెదవి చిట్లి తొట్టి అంచు మీద రక్తం పడింది. మళ్ళీ చెయ్యెత్తాడు. చంద్రకాంతమ్మ అడ్డం వచ్చింది. ఆ దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"సంపేయండి. ఇద్దర్నీ కలిపి సంపేయండి."

"నేను ఇరవకపోతే వాణ్ణి సంపేసేవాళ్ళు నాయనా," అన్నాడు సుందరరాజు కింద నుంచి. "కత్తి తీసుకోనే వచ్చినారు. సంపొద్దు, చేతులిరిసి వదిలేద్దామని నేనే కాళ్ళు పట్టుకున్నా. అయితే నువ్వే ఇరువు అన్నారు. అతుక్కుంటాదిలే అని అట్ల ఇరిసినా. వాడు నా రూములోనే ఉంటాడు. నా పక్క మంచం."

పాపం, జాలి పడినందుకే పట్టుబడ్డాడు. ఇష్టమొచ్చినట్టు రాయి పెట్టి చితగ్గొట్టి ఉంటే ఆ తండ్రికి ఏనాటికీ తెలిసేది కాదు.

"ఎవురు వాళ్ళు?"

"బురుజు సంఘం."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. సుందరరాజు తొట్టికి ఆనుకుని కూర్చుని, నేలను చూస్తూ చెప్పాడు. నలభై రెండు ఉద్యమంలో తంతి తీగలు తెంపిన పిల్లకాయలు మొదలుపెట్టిన సంఘమట. చంద్రగిరి కోట బురుజు దగ్గర కూడతారు. వేలు కోసుకుని ప్రమాణం చేస్తారు. బయట ఎవరికీ చెప్పకూడదు. హాస్టల్లో ఎవరు సంఘమో ఎవరు కాదో సంఘంలో ఉన్నవాళ్ళకే పూర్తిగా తెలియదు.

"దేశం కోసం అనుకోనే చేరినా నాయనా."

"మళ్ళ?"

"మళ్ళ మునికృష్ణ చెప్పిందే దేశమయింది. ఆయన మాకు నాయకుడు. ఆయనకు ఎదురు చెప్పినోడు ద్రోహి. ద్రోహికి శిక్ష."

"మీ హాస్టలు వార్డెను ప్రేమానందం మాస్టారు కోట మీంచి జారి పడి సచ్చిపోయినాడన్నారే. పేపర్లో కూడా వేసినారు," అన్నాడు నారాయణరాజు నెమ్మదిగా.

పక్కింటి కోడిపుంజు గోడెక్కి కూసి, దిగి వెళ్ళింది.

"మేము దాచిన నాటు తుపాకులు ఆయన సూసినాడు. మాట్లాడాలని కోటకి పిలిపించినారు. తోసింది మునికృష్ణ."

"నువ్వు?"

"కాళ్ళు పట్టుకున్నా."

చంద్రకాంతమ్మ అక్కడే కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుంది. పాలిచ్చి పెంచిన బిడ్డ. జ్వరం వస్తే కాళ్ళు ఒత్తించుకుంటూ నిద్రపోయే బిడ్డ. వీడు ఒక మనిషి కాళ్ళు పట్టుకుని ఎత్తాడా? ఆ మాస్టారు ఎంతగా తన్నుకుని ఉంటాడు?

"రాజారత్నం అది సూసినాడు. పోలీసులకి సెప్తానన్నాడు. అందుకే వాడికి శిక్ష."

"ఇప్పుడు నువ్వెందుకు వచ్చినావు?"

"వాడు బతికినాడని తెలిసింది. ఇన్‌స్పెక్టరు ఈ పొద్దు మధ్యాహ్నం వచ్చి వాడి మాట రాసుకుంటాడని కూడా తెలిసింది. వాడు తాగే గంజిలో కలపమని మందిచ్చి పంపినారు."

నారాయణరాజు ఒక్క అంగలో కొడుకు మీదికి వంగాడు. "కలిపినావా?"

"లేదు నాయనా. పొయ్యిలో పారేసినా."

ముందుగా తేరుకున్నది చంద్రకాంతమ్మే. ఆడదాని తెగువ అలాంటప్పుడే చూడాలి. కళ్ళు తుడుచుకుని, లేచి, కొడుకు రెక్క పట్టుకుంది.

"లెయ్. మద్రాసు బండికి టైముండాది. మా తమ్ముడి కాడికి పో. నేను పిలిచేదాకా రావద్దు."

"యాడికీ పోడు," అన్నాడు నారాయణరాజు. "ఇన్‌స్పెక్టరు ముందర కూసోని నోటితో సెప్తాడు. అన్నీ."

"సెప్తే ఉరి వేస్తారు."

"వేస్తే వేస్తారు. ఆ మాస్టారుకి మాత్రం పెళ్ళాం బిడ్డలు లేరా?"

"నాకు వాళ్ళెవరో తెలీదు. నాకు తెలిసింది వీడొక్కడే."

"కాళ్ళు పట్టుకోని నెట్టినాడే."

"నా కడుపున పుట్టినాడు. నా బిడ్డ మెడకు తాడు పడతా ఉంటే సూస్తా కూసోను. మీకు ఆ చేతులే ఎక్కువ, ఆ కట్టే ఎక్కువ. మాకంటే మీకు ముందునుంచీ అవే ఎక్కువ."

నారాయణరాజు ఆమెను అలాగే చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని, "కట్టు సగంలో ఉండాది," అని కొట్టంలోకి వెళ్ళాడు.

ఆమె ఆయన వెంట వెళ్ళలేదు. వంటింట్లో పెరుగన్నం కలిపి మూట కట్టింది. కొడుకు ముందు పెట్టింది. వాడు ముట్టుకోలేదు.

"పోతే మిమ్మల్ని బతకనియ్యరమ్మా. సంఘం సంగతి నీకు తెలీదు," అన్నాడు.

"మేం సచ్చినా పర్లేదు. నువ్వు పో."

వాడు మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

గంజి చల్లారిపోతోంది. రెండు చేతులూ కట్టులో ఉన్నవాడికి ఎవరో ఒకరు తాగించాలి. నారాయణరాజు కట్టు ముగించి తిన్నె మీదికి వెళ్ళాడు. సంతోషమ్మ గుడ్డలుతకడానికి పోయింది. చంద్రకాంతమ్మ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో ఆమె మనసులో మెదిలింది మంచి ఆలోచన కాదు. వీడు జ్వరమొచ్చి పోయినా బాగుండు, నా కొడుకు చేతికి మట్టి అంటకుండా పోయినా బాగుండు అనుకుంది. అనుకుంటూనే గరిటెతో గంజి నోట్లో పోసింది.

రాజారత్నం రెండు గుక్కలు మింగి అడిగాడు.

"సుందరం ఇంట్లోనే ఉండాడా అమ్మా?"

గరిటె ఆగింది. "నీకెట్ల తెలుసు?"

"దగ్గు వినపడింది. వాడి దగ్గు నాకు తెలుసు."

"వాడి మీద నీకు కోపం లేదా?"

"నా నోట్లో తువ్వాలు కుక్కి, వాడు ఏడస్తానే ఇరిసినాడమ్మా. ఓర్చుకో రత్నం, ఓర్చుకో రత్నం అంటానే ఇరిసినాడు. వాడు లేకుంటే నేను లేను." పిల్లవాడు కళ్ళు మూసుకున్నాడు. "మాస్టారు నన్ను పల్లెలోంచి తెచ్చి సదివించినాడు. ఆయన్ని సంపినోడి పేరు సెప్పాల. మునికృష్ణ పేరు సెప్తా. సుందరం పేరు సెప్పను. నీ మీద ఒట్టు."

చంద్రకాంతమ్మ వాడి నుదురు నిమిరింది. ఇంతసేపూ వాడి చావు కోరిన చెయ్యే అది. ఆమెకు ఏడుపొచ్చింది. మిగిలిన గంజి ఒక్క చుక్క పోకుండా తాగించి, పరుగున తిన్నె మీదికి వెళ్ళింది.

"ఆ బిడ్డ మనోడి పేరు సెప్పడంట. ఒట్టు పెట్టినాడు. వాడికే లేనిది మీకేంది?"

నారాయణరాజు వెదురు బద్దలు చెక్కుతున్నాడు. తల ఎత్తలేదు.

"వాడు సెప్పకుంటే ఆ మునికృష్ణ సెప్తాడు. రేపు పట్టుకోని నాలుగు తగిలిస్తే, కాళ్ళు పట్టింది ఎవురో వాడే సెప్తాడు."

ఆ మాట ఆమె గుండెలో దిగిపోయింది. ఔను. ఇక కొడుకు ప్రాణం ఒక్క మనిషి నోట్లో ఉంది. ఆ మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వీధిలో జట్కా ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు కుడిచేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుని మూలుగుతున్నాడు. రెండోవాడు ఖద్దరు చొక్కా, ముఖాన చిరునవ్వు, చూడగానే కూర్చోమనాలనిపించే పిల్లవాడు. వాడు చెప్పులు విప్పి మరీ తిన్నె ఎక్కాడు. నారాయణరాజు కొట్టం చివర గోడ చాటున పసరు నూరుతున్నాడు. ఎదురుగా వచ్చింది చంద్రకాంతమ్మే.

"నమస్కారమమ్మా. మావాడు కొండ మెట్లు దిగతా..."

"ఎట్ల పడినాడో మాకు అక్కర్లేదు నాయనా. చెయ్యి కదపనీయకండి. లోపలికి రండి," అంది.

ఏం చెప్పను ఆ ఇల్లాలి గురించి. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన రోజున అత్తగారు నేర్పిన మొదటి మాట అదే. చెయ్యి కట్టుకుని వచ్చినవాణ్ణి గడపలో నిలబెట్టి అడగకూడదు. ఇంకే ఇల్లాలయినా ఎవరు, యాడోళ్ళు అని అడిగేది. ఈమె వాళ్ళను దగ్గరుండి కొట్టంలోకి తీసుకెళ్ళింది. ఎండన పడి వచ్చారని మజ్జిగ కూడా తెచ్చింది.

ఖద్దరు చొక్కా పిల్లవాడు మజ్జిగ అందుకుని, మంచం మీద రాజారత్నాన్ని చూసి, చిరునవ్వు పోకుండానే తాగాడు. రాజారత్నం ముఖంలో రక్తం లేదు. నోరు తెరుస్తున్నాడు, గొంతు రావడం లేదు. అతని తల్లి గుడ్డలు తెచ్చి అప్పుడే మూలన కూర్చుంది.

"సుందరం యాడమ్మా?" అన్నాడు ఆ పిల్లవాడు.

"పెరట్లో ఉండాడు. నీ పేరేంది నాయనా?"

"మునికృష్ణ అంటారమ్మా."

ఖాళీ గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె కేక వేసేలోపే రెండోవాడు మెడ మీది తువ్వాలు లాగేశాడు. ఆ చేతికి ఏ దెబ్బా లేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఇనుపకడ్డీ ఉంది.

కడ్డీ లేచింది. సంతోషమ్మ ఎలా లేచిందో, ఎలా దూకిందో, కొడుకు మీద అడ్డంగా పడింది. దెబ్బ ఆమె తల మీద పడింది. జుట్టులోంచి రక్తం చెవి మీదుగా కారి కొడుకు కట్టు మీద పడింది. ఆమె అయినా లేవలేదు. మంచం పట్టీని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

నారాయణరాజు నూరుతున్న చోటునుంచి వచ్చి కడ్డీ పట్టుకున్నాడు. మునికృష్ణ వెనక నుంచి ఆయన మెడకు తువ్వాలు బిగించాడు.

"రాజుగారూ, మీకూ మాకూ పగ లేదు. పక్కకి పోండి."

"నా కట్టుతో పండుకున్నోడు వాడు. నేను పోను."

"మీరు కట్టేది ఏ చేత్తో?"

అడిగిన తీరులో కోపం లేదు. అదే భయంకరం. ఇద్దరూ కలిసి ఆయన్ని మోకాళ్ళ మీద పడేశారు. పసరు నూరే బండ మీద ఆయన కుడిచెయ్యి పెట్టి తొక్కిపట్టారు. కడ్డీ ఒకసారి పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు వేళ్ళలా లేకుండా పోయాయి. పచ్చటి పసరులో ఎర్రగా కలిసిపోయింది. నారాయణరాజు పళ్ళు బిగించాడు. అరిచింది చంద్రకాంతమ్మ.

"సుందరం, నాయన్ని సంపేస్తా ఉండారు రా."

సుందరరాజు పెరటి వాకిట్లోంచి వచ్చి ఆగిపోయాడు. తండ్రి చెయ్యి చూశాడు.

"రా సుందరం," అన్నాడు మునికృష్ణ. "నీకిచ్చిన పనికి మేము రావాల్సొచ్చింది. ఆ ముసిల్దాన్ని పక్కకి లాగు. మాస్టారి కాళ్ళు పట్టుకున్నప్పుడు లేని భయం ఇప్పుడెందుకప్పా?"

సుందరరాజు లాగింది ముసల్దాన్ని కాదు. కడ్డీ పట్టుకున్నవాడి జుట్టు పట్టి గుంజకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. కడ్డీ జారింది. రెండోసారి కొట్టేసరికి వాడు రక్తం కక్కుకుంటూ తిన్నె దాటి వీధిలోకి పరుగెత్తాడు. జట్కా కదిలిన చప్పుడు వినబడింది. మునికృష్ణ మొలలోంచి కత్తి తీశాడు. అది సుందరరాజు పక్కటెముకల మీద గీసుకుపోయింది. అప్పటికే కడ్డీ సుందరరాజు చేతిలో ఉంది. మోకాలి మీద ఒక్క దెబ్బ. మునికృష్ణ మొదలు నరికిన అరటిచెట్టులా పడ్డాడు. కత్తి ఎటో ఎగిరిపోయింది.

సుందరరాజు వాడి గుండెల మీద కాలు పెట్టి కడ్డీ పైకెత్తాడు.

"వద్దు సుందరం," అన్నాడు మునికృష్ణ. చిరునవ్వు పోయింది. పాతికేళ్ళు కూడా నిండని ముఖం, భయంతో పసిపిల్లాడి ముఖమైపోయింది. "ఇన్‌స్పెక్టరు కాడ నీ పేరు సెప్పను. బురుజు మీద ఒట్టు."

"ఇడిసిపెట్టరా," అన్నాడు నారాయణరాజు. ఆయన పగిలిన చేతిని కడుపుకు అదుముకుని గోడకు జారగిలబడి ఉన్నాడు. "కాలు ఇరిగి మన కొట్టంలో పడినాడు. ఇంగ వాడు మన కట్టుకి వచ్చినోడే. ఇడిసిపెట్టు."

సుందరరాజు కడ్డీ దించలేదు. కొట్టలేదు. తల తిప్పి తల్లిని చూశాడు.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు పరుగెత్తుతున్నవాడు కూడా ఆగి, వెళ్ళనా అమ్మా అన్నట్టు అలాగే చూసేవాడు. ఆమె వద్దంటే ఆగేవాడు. ఇప్పుడు కూడా ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది.

నీ పేరు సెప్పను అన్నాడు వాడు. అంటే చెప్పగలిగినవాడు వాడొక్కడే.

చంద్రకాంతమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

చప్పుడు వినబడింది. మునికృష్ణ ఒక్కసారి అమ్మా అన్నాడు. ఇంకో చప్పుడు వినబడింది. తర్వాత చాలాసార్లు వినబడింది. ఆమె గోడనే చూస్తూ ఉంది. గోడకు వెల్ల రాలిపోతోంది, పండక్కి వేయించాలి అనుకుంది. అలాంటప్పుడు మనిషి మనసు ఎక్కడికి పారిపోతుందో ఎవరు చెప్పగలరు?

తిరిగి చూసేసరికి కొడుకు కడ్డీ పారేసి, తన చేతులు తనవి కానట్టు ఎడంగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద ఉన్నదానికి ముఖం లేదు. రాజారత్నం కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన ఏదో గొణుగుతున్నాడు.

నారాయణరాజు కొడుకును చూడలేదు. భార్యను చూశాడు.

"నువ్వు వద్దనుంటే ఇడిసిపెట్టేవాడు."

ఆమె విననట్టే సంతోషమ్మ దగ్గరికి వెళ్ళి, కొంగు చించి ఆమె తలకు చుట్టింది. ముడి పడలేదు. సంతోషమ్మే తన చేత్తో ముడి వేసుకుంది.

ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చేసరికి వీధి వీధంతా తిన్నె ముందు నిండిపోయింది. లోపలికి ఎవరూ రాలేదు. ఆయన టోపీ తీసి కొట్టమంతా ఒకసారి చూశాడు. కింద పడివున్న శవాన్ని, కత్తిని, కడ్డీని, బండ మీది పసరును, నారాయణరాజు చేతిని చూశాడు. మంచి మనిషే. ఆయన తండ్రి తుంటి ఎముకకు నారాయణరాజే కట్టు కట్టాడు.

"అయ్యో రాజుగారూ," అన్నాడు. "ఈ పనికిమాలిన సంఘం కోసం నెలరోజులుగా తిరుగుతున్నాం. మీ ఇంటి మీదికే వచ్చారా?" శవం పక్కన గొంతుక్కూర్చుని లేచాడు. "ఆయుధాలతో ఇంట్లో దూరారు. మీ చెయ్యి విరగ్గొట్టారు. ఆడకూతురి తల పగలగొట్టారు. పెనుగులాటలో మీవాడు కొట్టాడు. ప్రాణం కాపాడుకోవడానికి కొడితే ఏ కోర్టూ తప్పు పట్టదు. అంతే కదా?"

అంతే అనడానికి చంద్రకాంతమ్మ నోరు తెరిచింది.

"అంతే కాదు," అన్నాడు నారాయణరాజు.

"ఏమండీ," అంది ఆమె. పొద్దుటి నుంచి ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. ఆయన వినిపించుకోలేదు.

"వాడు పడిపోయినాడు. కత్తి లేదు. కాలు ఇరిగింది. వద్దని బతిమాలినాడు. నేను కూడా వద్దన్నాను. సంపింది నా కొడుకు." ఆయన ఊపిరి కోసం ఆగాడు. "సంపనిచ్చింది నా పెళ్ళాం. వాడు ఆమెను అడిగినాడు. ఆమె మొగం తిప్పుకునింది."

ఇన్‌స్పెక్టరు కలం తీయబోయి ఆగాడు. కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుందరరాజు, "అమ్మకేం సంబంధం లేదు," అన్నాడు.

"రాజుగారి మాట అబద్ధం సారూ," అంది ఎవరో.

సంతోషమ్మ. తలకు కట్టిన కొంగుపీలిక అప్పటికే తడిసిపోయి ఉంది. మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడింది.

"రాజుగారికి నొప్పికి తెలివి తప్పుండాది. ఆయమ్మ ఆడ లేనే లేదు. నా తలకాయి పట్టుకోని ఈడ కూసోనుండాది. ఏమీ సూడలా. నా బిడ్డను మాటిమాటికీ గంజి పోసి బతికించిన తల్లి సారూ. ఆయమ్మ అట్ల సేస్తాదా?"

జీవితంలో అన్నం పెట్టిన చేతికి తప్ప దేనికీ దణ్ణం పెట్టని మనిషి, ఆ చేతి కోసమే బిడ్డ ఎదుట నిలబడి అబద్ధమాడింది. అలా అబద్ధమాడినందుకు ఆమె ముఖంలో ఏ సంకోచమూ లేదు. చంద్రకాంతమ్మకు మాత్రం నిలువునా సిగ్గేసింది. పొద్దున ఆ బిడ్డకు గంజి పోస్తూ తాను ఏం కోరుకుందో ఈమెకు తెలిస్తే?

నారాయణరాజు కళ్ళు మూసుకున్నాడు. పగిలిన చేతినుంచి రక్తం మోచేతి దాకా కారి, పంచె మీద పడుతోంది. ఆయన్ని అబద్ధాలకోరని ఇంతవరకూ పుత్తూరులో అన్నవాడు లేడు.

ఇన్‌స్పెక్టరు చంద్రకాంతమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, తన తల్లిని అడిగినట్టే అడిగాడు.

"మీరు చెప్పండమ్మా. మీ ఆయన చెప్పింది నిజమా, ఈమె చెప్పింది నిజమా?"

కొట్టం గుంజ దగ్గర కొడుకు ఉన్నాడు. గోడ దగ్గర మొగుడు ఉన్నాడు. మధ్యలో, ఆమె మజ్జిగ ఇచ్చిన పిల్లవాడు ఉన్నాడు. అందరూ ఆమె మాట కోసం చూస్తున్నారు. ఈసారి ముఖం తిప్పుకోవడానికి ఆమెకు ఏ గోడా మిగల్లేదు.